సికింద్రాబాదు చిన్న వర్తకం – తపాలా కార్డు

తెలుగునాట వ్యాపార ప్రకటనల చరిత్రకు ఇంతవరకు ప్రధాన ఆకరాలు పత్రికలే. పత్రికలో చోటు కొనలేని చిన్న వర్తకునికి అందుబాటులో ఉన్న ప్రకటన సాధనం తపాలా కార్డు. దానికి వీలు కల్పించిన ఏర్పాట్లను సికింద్రాబాదు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1869 నుంచి నిజాం ప్రభుత్వానికి సొంత తపాలా బిళ్ళలు ఉన్నాయి. సికింద్రాబాదు బ్రిటిషు సైనిక స్థావరం కనుక అక్కడ బ్రిటిషిండియా తపాలా కూడా నడిచింది. 1874లో వాడి నుంచి రైలుమార్గం వచ్చింది. ఈ విధంగా ఒకే ఊరి వర్తకునికి రెండు తపాలా వ్యవస్థలు అందుబాటులోకి వచ్చాయి. ఒకటి సంస్థానంలోని ఊళ్ళకు, మరొకటి మద్రాసు, బొంబాయి వైపులకు దారి. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో విలీనమైంది.

బ్రిటిషిండియాలో 1879 జూలై 1న పావు అణా కార్డు వెలువడింది. అప్పుడు ఉత్తరానికి కనీస రుసుము అర అణా. అంతకు రెండేళ్ళ ముందే వి.పి. పద్ధతి మొదలైంది. కార్డుపై సరుకు, ధర తెలిపితే కొనుగోలుదారు మరో కార్డుపై కోరవచ్చు. సరుకు అందించి సొమ్ము వసూలు చేసే పని తపాలా బంట్రోతుది. దుకాణానికి రాని ఖాతాదారును సంపాదించే మార్గమిది. 1922లో కార్డు ధర అర అణాకు పెరిగింది.

తరవాతి కాలంలో ప్రభుత్వం చేతిరాతకూ అచ్చుకూ మధ్య గీత గీసింది. మామూలు కార్డు 50 పైసలు కాగా, సమాచారం అచ్చువేసిన కార్డుకు 6 రూపాయలు. వెయ్యి కార్డులు చేత్తో రాస్తే 500 రూపాయలు, అచ్చువేస్తే 6000. వ్యక్తిగత లేఖకు ఇచ్చే రాయితీ వ్యాపారానికి చెందరాదన్నది ఇందులోని తర్కం. 2002లో వచ్చిన మేఘదూత్ కార్డు ఈ తర్కాన్ని తిరగవేసింది. చిరునామా వైపు ప్రకటన ఉన్నందువల్లనే అది 25 పైసలకు లభించింది. అయితే ఆ చోటు పెద్దమొత్తంలో కొనగలవారిది. చిన్న వర్తకునికి మిగిలింది చేతిరాతే.

ఈ ధరల చరిత్ర తెలుగు వచన చరిత్రకు కూడా సంబంధించినదే. చేత్తో రాసిన ప్రకటనలో లేఖా మర్యాద, బేరపు మాట ఒకే చోట కలుస్తాయి; స్థలాభావం క్లుప్తతను శాసిస్తుంది. మనం పదిలపరచిన కార్డుల్లో అధికభాగం సాహితీవేత్తలవి. దుకాణాల్లో ఇనుప తీగకు గుచ్చిన కార్డులు చిత్తుకాగితాల పాలవుతున్నాయి. చిట్టా, ఆవర్జాలతోపాటు వాటినీ సేకరించకపోతే, వ్యవహార వచన పరిణామాన్ని అచ్చుపుస్తకాల సాక్ష్యంతోనే నిర్ణయించవలసి వస్తుంది. ఆ నిర్ణయం అసమగ్రమే అవుతుంది.