ఎర్రచీమకు పచ్చపేరు

అమలాపురం నుండి రాజోలు వైపు పోయినా, కొత్తపేట వైపు పోయినా బాటకు ఇరుప్రక్కల కొబ్బరితోటలే కనిపిస్తవి. తోటల నడుమ దొడ్లలో మామిడి, పనస, జామ, నేరేడు చెట్లు ఉంటవి. వాటిలో ఏదో ఒక చెట్టు కొమ్మ చివర పది పదిహేను ఆకులు ఎండిపోకుండానే ఒకదానికొకటి అతుక్కొని, తెల్లని పొరతో మూసుకొని, చిన్న బంతివలె వ్రేలాడుచుండును. తెలియక దాన్ని తాకినవాడు మరునిమిషంలో చేతులు దులుపుకొంటూ పరుగెత్తవలసిందే. కొబ్బరి దింపువారికి ఈ గూడు బాగా తెలుసును. చెట్టుమీద సగం దూరం ఎక్కిన తరువాత రెండు చేతులూ మానును పట్టుకొని ఉన్నప్పుడు, మెడమీదా చెవులమీదా పాకే ఎర్రచీమలను దులుపుకొనుటకు చేయి ఎక్కడిది?

ఒకనాడు విద్యార్థులకు ఈ చీమను చూపి దీని శాస్త్రీయనామం 'ఈకోఫిల్లా స్మరాగ్డినా' అని చెప్పినాను. 'స్మరాగ్డినా' అంటే మరకతమువంటిది, అనగా పచ్చరాయి రంగు కలది అని అర్థం. వెంటనే ఒక విద్యార్థి, "చీమ ఇంత ఎర్రగా ఉంటే పచ్చ అని పేరేమిటండీ?" అని అడిగినాడు. ప్రశ్న చిన్నదే. దాని సమాధానంలో రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది.

ఈ పేరు పెట్టినవాడు జోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియస్. డెన్మార్కు దేశీయుడు, స్వీడనులో లిన్నేయస్ వద్ద చదువుకొన్నవాడు. 1775 లో ప్రకటించిన 'సిస్టెమా ఎంటమాలజియే' అనే గ్రంథంలో భారతదేశపు ఈ చీమకు 'ఫార్మికా స్మరాగ్డినా' అని నామకరణం చేసినాడు. ఆనాడు చీమలనన్నిటినీ 'ఫార్మికా' అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు.

ఐరోపాలో కూర్చున్న ఫాబ్రీషియస్‌కు మన దేశపు కీటకాలను సేకరించి పంపినవారిలో జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ముఖ్యుడు. ఇతడూ లిన్నేయస్ శిష్యుడే. 1768 లో తరంగంబాడిలోని డేనిషు స్థావరానికి వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశమంతా తిరిగి మొక్కలనూ కీటకాలనూ సేకరించినాడు. 1785 లో కలకత్తా ప్రయాణంలో ఉండగా జబ్బుపడినాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ వైద్యం చేసినా ప్రయోజనం లేకపోయినది. కాకినాడలోని జగన్నాథపురంలో కోనిగ్ కన్నుమూసినాడు. మన కోనసీమకు ఆ చోటు ఎంతో దూరం కాదు.

ఇక అదే 1775 గ్రంథంలో ఫాబ్రీషియస్ మరొక చీమకు 'ఫార్మికా వైరెసెన్స్' అని పేరు పెట్టినాడు. అది ఆస్ట్రేలియా నుండి వచ్చినది. 1770 లో కెప్టెన్ కుక్ ఓడలో ఆ తీరానికి పోయిన జోసెఫ్ బ్యాంక్స్ అక్కడి చెట్లమీద ఆకువలె పచ్చగా ఉన్న చీమలను చూచి, వాటి గూటి నిర్మాణాన్ని తన దినచర్యలో వర్ణించినాడు. వేలకొలది చీమలు ఆకును వంచి పట్టుకొనగా లోపలి చీమలు జిగురు పూస్తున్నవని వ్రాసినాడు. పట్టుకొన్న చీమలను చెదరగొట్టగానే ఆకు ఎంత బలంతో వెనుకకు కొట్టిందో చూచి ఆశ్చర్యపడినాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ రెండూ ఒకే జాతి క్రిందికి వస్తవని భావించి, 'స్మరాగ్డినా' అనే పేరునే నిలిపినారు.

మరి మన చీమ సంగతి? మన దేశంలో ఈ జాతి కార్మిక చీమలు ఎరుపు కలిసిన పసుపుదాళు రంగులో ఉంటవి. కాని రాణిచీమ అట్లా కాదు. తొలకరి రోజులలో రెక్కలతో బయటికి వచ్చే రాణిని చూడండి. కార్మిక చీమకు రెండింతలకు మించిన పొడవు, లావైన పొట్ట, ఆకుపచ్చని ఒళ్లు. మరకతనామం ఆమెకు చక్కగా అమరినది. మనం రోజూ చూచేది కార్మికులను కనుక పేరు పొసగదని అనుకొంటాము. ఒక జాతి పేరు ఆ జాతిలోని స్త్రీ, పురుష, కార్మిక రూపాలన్నిటికీ చెందునని విద్యార్థులు గుర్తుంచుకోవలెను.

1851 లో థామస్ జెర్డన్ అనే వైద్యుడు దక్షిణ భారతదేశపు చీమల పట్టికను మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించినాడు. 1840 దశకంలో నెల్లూరులో పనిచేసిన ఈ జెర్డన్ పేరునే ఇంగ్లీషులో మన కడప అడవుల కలివికోడి మోస్తున్నది. 1860 లో బ్రిటిషు మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ స్మిత్ ఆకుగూళ్ల చీమలకు 'ఈకోఫిల్లా' అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచినాడు. గ్రీకుభాషలో 'ఓయికోస్' అంటే ఇల్లు, 'ఫిల్లాన్' అంటే ఆకు. ఆకు ఇంటిది అని పేరు. 1903 లో బింగాం భారతదేశపు చీమలపై వ్రాసిన సంపుటం చాలాకాలం మన దేశంలో పరిశోధకులకు ఆధారమైనది. ఈ ప్రజాతిలో నేడు జీవించి ఉన్నవి రెండు జాతులని సాధారణంగా లెక్కిస్తారు. ఒకటి ఆఫ్రికాలోనిది, రెండవది మనది. కాని 2006 లో జపాను శాస్త్రజ్ఞులు జన్యుపదార్థాన్ని పరిశీలించి, మన జాతిలో ఏడు సముదాయాలు ఉన్నవనీ, వంగదేశం తప్ప మిగిలిన భారతదేశపు చీమలు ఒక ప్రత్యేక సముదాయమనీ, ఆస్ట్రేలియా, న్యూగినీ చీమలు వేరొకటి అనీ చూపినారు. ఫాబ్రీషియస్ రెండు పేర్లు పెట్టుట వట్టి పొరపాటు కాదేమో అనిపించును.

ఇక జిగురు సంగతి. బ్యాంక్స్ చూచినది నిజమే, కాని జిగురు ఎక్కడిదో ఆయనకు అంతుపట్టలేదు. పెద్ద చీమ శరీరంలో పట్టునిచ్చే గ్రంథి లేదు. 1890 లో సింగపూరు వృక్షోద్యానంలో పనిచేసే రిడ్లీ ఈ రహస్యాన్ని గమనించినాడు. 1905 లో డోఫ్లైన్ సింహళంలో చూచి వివరంగా వ్రాసినాడు. పట్టు తీసేది చీమ కాదు, చీమ బిడ్డ! కార్మిక చీమ ఒక డింభకాన్ని దవడలతో సుకుమారంగా పట్టుకొని, దాని నోటిని ఒక ఆకు అంచుకు తాకించి, తరువాత రెండవ ఆకు అంచుకు తాకిస్తుంది. డింభకం నోటినుండి వచ్చే పట్టుదారం రెండు ఆకులనూ కుట్టివేస్తుంది. సాలెవాని చేతిలోని నాడెవలె డింభకం అటూ ఇటూ తిరుగుతుంది. దీనికొక మూల్యం ఉన్నది. మన ఇళ్లలో కనిపించే నల్లని గండుచీమ డింభకం తన పట్టుతో తనకొక గూడు అల్లుకొని అందులో ప్యూపా అగును. ఆకుగూటి చీమ డింభకం తన పట్టునంతా సంఘానికి ఇచ్చివేసి, తాను గూడులేని వట్టి ప్యూపాగా మిగులుతుంది.

ఆకు దూరంగా ఉంటే ఒక చీమ మరొక చీమ నడుమును పట్టుకొని గొలుసుగా ఏర్పడి లాగుతవి. కార్మికులలో రెండు తరగతులు ఉన్నవి. ఎనిమిది నుండి పది మిల్లీమీటర్ల పెద్దవి వేటకూ, యుద్ధానికీ, నిర్మాణానికీ పోతవి. దాదాపు సగం పొడవున్న చిన్నవి గూటిలో ఉండి పిల్లలను సాకుతవి. ఒక సంఘానికి ఒక చెట్టు చాలదు. అనేక వృక్షాలమీద ఎన్నో గూళ్లు ఉన్నా, సాధారణంగా రాణి ఒకటే.

ఈ చీమకు కొండి లేదు. దవడలతో గట్టిగా పట్టి, పొట్టను ముందుకు వంచి, గాయంమీద ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది. మంట అందువల్లనే. పొరుగు సంఘపు చీమ సరిహద్దు దాటితే కాళ్లూ స్పర్శశృంగాలూ నలుదిక్కులా పట్టి లాగి చంపివేస్తవి. 1983 లో హోల్డాబ్లర్ ఆస్ట్రేలియాలో ఒక విశేషం కనుగొన్నాడు. సరిహద్దు గూళ్లలో కాపలా ఉండేవి ఎక్కువగా ముసలి కార్మికులే. మన సైన్యాలు యువకులను పంపుతవి, ఈ చీమలు వృద్ధులను పంపుతవి.

ఇంత కోపిష్ఠి చీమను తోటలో ఉంచవలెనా, కాల్చివేయవలెనా? క్రీ. శ. 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథంలో, ఈ చీమల గూళ్లను బజారులో కొని నారింజచెట్లకు కట్టేవారని ఉన్నది. పురుగులను పురుగులచేత అణచే పద్ధతికి ఇది అతి ప్రాచీనమైన వ్రాతసాక్ష్యాలలో ఒకటి. కొబ్బరి విషయంలోనూ సాక్ష్యం ఉన్నది. 1950 దశకంలో జాంజిబారులో ఎం. జె. వే అనే శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా జాతి చీమను పరిశీలించినాడు. పిందెల రసం పీల్చి రాలగొట్టే ఒక పురుగు, ఈ చీమలున్న చెట్లమీద నిలువలేకపోయినది. సోలమన్ దీవుల కొబ్బరితోటలలో మన జాతి చీమ అటువంటి మేలే చేసినట్లు గమనించినారు.

అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆ దీవుల పురుగులు వేరు, మన తోటల పురుగులు వేరు. ముచ్చిక క్రింద దాగే నల్లి ఈ చీమ దవడకు అందదు. పైగా చీమలు తీపి ద్రవంకోసం పొలుసు పురుగులనూ పిండినల్లినీ కాపాడుతవి. అది చెట్టుకు నష్టమే. ఆకులు తినే గొంగళి పురుగులను మాత్రం వేటాడి మోసుకుపోతవి. దింపువాని బాధ అన్నిటికంటే ముందు లెక్కించవలసినది. చెట్టుమీద చేయి జారితే కలిగే అపాయం ఏ పురుగునష్టానికీ సాటిరాదు. కనుక దింపుకు వచ్చే కొబ్బరిచెట్లపై గూళ్లను ముందుగా తొలగించుట న్యాయం. ఎవరూ ఎక్కని గట్టుచెట్లమీది గూళ్లను కూడా వెదకి కాల్చుట మాత్రం మనకు పనిచేసే సైన్యాన్ని మనమే చంపుకొనుట.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని చెట్టు క్రిందనే చెప్పవచ్చును. గూడు చింపనక్కరలేదు. రెండు గజాల దూరంలో నిలిచి, ఒక గంటలో చీమలు ఏయే పురుగులను గూటికి మోసుకొనిపోయినవో విద్యార్థులచేత లెక్క వ్రాయించండి. గూళ్లున్న చెట్టు, లేని చెట్టు ప్రక్కప్రక్కన ఎంచుకొని, నెలకు రాలిన పిందెలను లెక్కించి పోల్చండి. మిత్రుడా, శత్రువా అనే ప్రశ్నకు మన తోటలలో సమాధానం చెప్పవలసినది ఆ లెక్కలే. తొలకరిలో ఆకుపచ్చని రాణి కనిపిస్తే ఆమెనూ చూపండి. పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పవలసిన పని ఉండదు.