కొద్ది కనెక్షన్లతో వేల మందికి: పూలర్ పుట్టుపూర్వోత్తరాలు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక్కో కనెక్షన్‌కూ ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. పనేమీ చేయకుండా ఊరికే ఉన్నా అది కొంత మెమరీ తింటూనే ఉంటుంది. అందుకే డీఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్ గరిష్ఠ పరిమితి 100 కనెక్షన్లే. గ్రూప్స్ పరీక్షల హాల్ టికెట్లు వదిలారని తెలియగానే హైదరాబాద్‌లోని అశోక్ నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి, నారాయణగూడ కోచింగ్ సెంటర్లలో అభ్యర్థులంతా ఒకేసారి ఫోన్లు తీస్తారు. అంతటి తాకిడిని కొద్ది కనెక్షన్లతో గట్టెక్కించే సాధనమే కనెక్షన్ పూలర్.

ఆలోచన పాతదే. 1969లో ఐబీఎం విడుదల చేసిన సీఐసీఎస్ అమెరికా విద్యుత్ సంస్థల అవసరాల కోసం మొదలై, ఎన్నో టెర్మినళ్లను ఒకే ప్రోగ్రాం కింద నడిపింది. పోస్ట్‌గ్రెస్‌కు 2003లో జపాన్‌కు చెందిన తత్సువో ఇషీ పీజీపూల్ రాశారు. అసలు మలుపు 2007లో వచ్చింది. స్కైప్ సంస్థలో మార్కో క్రీన్ రాసిన పీజీబౌన్సర్ ఆ ఏడాదే బయటికొచ్చింది. అది పూలింగ్ ఒక్కటే చేస్తుంది, ఒక్కో కనెక్షన్‌కు సుమారు 2 కిలోబైట్లతో సరిపెట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432 అయితే దీనిది 6432.

దీని బలమంతా ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంది. సెషన్ మోడ్ అంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ మీద సంచి పెట్టి టీకి వెళ్లడం లాంటిది: మనిషి లేకపోయినా కుర్చీ ఖాళీ కాదు. ట్రాన్సాక్షన్ మోడ్‌లో కమిట్ అవగానే ఆ కనెక్షన్ మరొకరికి దక్కుతుంది. లావాదేవీకి 5 మిల్లీసెకన్లు పడితే ఒక్క కనెక్షన్ సెకనుకు 200 తీరుస్తుంది, 20 కనెక్షన్లు 4,000 తీరుస్తాయి. పీజీబౌన్సర్ డీఫాల్ట్ పూల్ సైజు ఆ 20యే. అయితే సెషన్‌కు అంటిపెట్టుకున్న సెట్, లిజన్ వంటి ఆదేశాలు ఈ మోడ్‌లో నమ్మదగినవి కావు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకూ ఇదే చిక్కు ఉండేది, అది 2023 అక్టోబరులో వచ్చిన 1.21 వెర్షన్‌తో చాలావరకు తీరింది.

తర్వాత క్లౌడ్ సంస్థలే పూలర్‌ను సేవగా ఇవ్వడం మొదలుపెట్టాయి. అమెజాన్ ఆర్‌డీఎస్ ప్రాక్సీని 2019 డిసెంబరులో ప్రకటించి, 2020 జూన్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మైక్రోసాఫ్ట్ అజూర్ తన ఫ్లెక్సిబుల్ సర్వర్‌లో పీజీబౌన్సర్‌నే అమర్చింది.

రాతలకు ఒక సర్వర్ (రైటర్), చదవడానికి మరికొన్ని (రీడర్లు) ఉండే డేటాబేస్ క్లస్టర్ ముందు సొంతంగా పీజీబౌన్సర్ పెట్టుకునేవారు రైటర్ ఎండ్‌పాయింట్‌కూ రీడర్ ఎండ్‌పాయింట్‌కూ విడివిడి ఎంట్రీలు రాయాలి. ఎక్కువమంది తడబడేది ఒక రీడర్ కొత్త రైటర్‌గా మారే ఫెయిలోవర్ దగ్గరే. రైటర్ మారినా, పాత కనెక్షన్లు తెగకుండా మిగిలితే అవి ఇప్పుడు రీడర్‌గా మారిన సర్వర్‌కే అతుక్కుని ఉంటాయి, రాతలన్నీ ఎర్రర్ అవుతాయి. సర్వర్ కనెక్షన్‌ను ఎంతకాలం తర్వాత మూసేయాలో చెప్పే పీజీబౌన్సర్ సెట్టింగ్, సర్వర్ లైఫ్‌టైమ్, డీఫాల్ట్‌గా 3,600 సెకన్లు. క్లస్టర్‌కు అది మరీ ఎక్కువ, బాగా తగ్గించాలి. పూలర్లు రెండు మూడు ఉంటే వాటి పూల్ సైజులన్నీ కలిపినా డేటాబేస్ పరిమితి దాటకూడదు, నిర్వహణ పనులకు కొన్ని కనెక్షన్లు మిగలాలి.

కనెక్షన్ కోసం వేచి ఉన్నవారి క్యూ పెరగగానే పూల్ సైజు పెంచడం సరైన వైద్యం కాదు. ముందు పీజీబౌన్సర్ షో పూల్స్ ఆదేశంతో ఎందరు, ఎంతసేపటి నుంచి వేచి ఉన్నారో చూడాలి. డేటాబేస్ సీపీయూ అప్పటికే నిండి ఉంటే, పూల్ పెంచిన కొద్దీ అది ఇంకా నెమ్మదిస్తుంది.