మలి ముద్ర చెప్పే గ్రీకు నాణెం కథ

పాత నాణేలు సేకరించేవారు సాధారణంగా గీతలు, గంట్లు లేని నాణేన్నే కోరుకుంటారు. ప్రాచీన గ్రీకు నాణెంపై రాజు చెంప మీదనో, దేవత మెడ మీదనో మరో చిన్న గుర్తు దిగబడి ఉంటే దానిని లోపంగా భావించి పక్కన పెట్టేవారే ఎక్కువ. అయితే ఆ రెండో గుర్తు కోసమే ఏళ్ల తరబడి గాలించే సేకర్తలూ లేకపోలేదు. కౌంటర్‌మార్క్‌గా వ్యవహరించే ఈ మలి ముద్ర, టంకశాల దాటిన నాణెం ఏ ఊరు చేరింది, ఎవరి అధికారం కింద చెల్లింది అన్న విషయాన్ని తెలియజేస్తుంది.

అప్పటికే చలామణిలో ఉన్న నాణెంపై ఒక నగరమో, రాజ్యమో చిన్న అచ్చు ఉంచి సుత్తితో కొట్టిన గుర్తునే మలి ముద్ర అంటారు. పరాయి నాణేన్ని తమ విపణిలో చెల్లనిచ్చేందుకు, అరిగిన నాణేనికి మరికొంత ఆయుష్షు పోసేందుకు, విలువను మార్చేందుకు దీనిని వాడేవారు. 1971లో శరణార్థుల సహాయార్థం మన తపాలా శాఖ పాత ఐదు పైసల బిళ్లపైనే కొత్త అక్షరాలు అచ్చు వేసి అమ్మడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పద్ధతి దాదాపు అటువంటిదే.

గంటు వేరు, ముద్ర వేరు: ఈ రెండింటినీ ఒకటిగా పొరబడటం కద్దు. లోపల రాగి ఉందేమోనన్న అనుమానంతో ఉలితో పెట్టిన కోత గంటు మాత్రమే. ఏథెన్స్‌లో క్రీ.పూ. 375-74 నాటి ఒక చట్టం చెక్కిన రాతి పలక 1970లో అక్కడి అగోరా తవ్వకాల్లో బయటపడింది. నాణేల పరీక్షకు ప్రభుత్వమే ఒక బానిసను నియమించిందని, కల్తీవని తేలితే వాటిని అక్కడికక్కడే కోసివేసేవాడని అందులో ఉంది. అతడు సరేనన్న నాణేన్ని కాదన్న వర్తకుని ఆనాటి సరుకు జప్తు అయ్యేది. పరీక్షకుడు విధి తప్పితే 50 కొరడా దెబ్బలు.

మలి ముద్రల చరిత్రలో బైజాంటియం ఉదంతం ప్రసిద్ధం. నేటి ఇస్తాంబుల్ ఉన్న చోటనే ఆ నగరం ఉండేది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గలేషియన్ తెగలు దానిని పీడించి కప్పం రాబట్టసాగాయి. అది చివరకు ఏడాదికి 80 టాలెంట్లకు చేరిందని చరిత్రకారుడు పాలీబియస్ రాశాడు. ఆటిక్ తూకం ప్రకారం టాలెంటు సుమారు 26 కిలోలు. అంటే రెండు టన్నులకు పైమాటే. ఆ కాలంలోనే బైజాంటియం, జలసంధి ఆవలి ఒడ్డున ఉన్న కాల్చెడాన్ నగరం పరాయి రాజుల వెండి నాణేలపై తమ ముద్రలు కొట్టాయి. ఈ రెంటికీ పరిశోధకులు ముడిపెడతారు. అది చాలక ఓడలపై సుంకం విధించగా, క్రీ.పూ. 220లో రోడ్స్ ద్వీపం యుద్ధానికి దిగి దానిని రద్దు చేయించింది. అరచేతిలో ఇమిడే వెండి బిళ్లపై ఉన్న గుర్తు వెనుక ఒక నగరం పడిన అవస్థ ఇంత ఉంది.

నేటి టర్కీ దక్షిణ తీరంలోని సీదే నగరపు నాణేలు సేకర్తలకు తరచూ తారసపడతాయి. ఒకవైపు ఎథీనా, మరోవైపు విజయదేవత, ఆ పక్కన దానిమ్మ పండు వీటి ఆనవాళ్లు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో వీటిలో అనేకంపై అమ్ములపొది, దాని పక్కన పెర్గమాన్, ఎఫెసస్, సార్డిస్ వంటి నగరాల పేర్ల పొడి అక్షరాలు పడ్డాయి. ఆ తీరంలోనే అచ్చయిన అలెగ్జాండర్ తరహా నాణేలపై లంగరు గుర్తు కనిపిస్తే అది సెల్యూకస్ వంశీయుల చిహ్నం. రోమన్ల ఏలుబడిలోని గ్రీకు నగరాల ముద్రలకు మాత్రం క్రిస్టఫర్ హౌగెగో 1985లో వెలువరించిన గ్రంథమే నేటికీ ఆధారం.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ శాతవాహనులది. 1906లో నాసిక్ సమీపాన జోగళ్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. క్షహరాత రాజు నహపాణుడు గ్రీకు లిపితో వేయించిన నాణేలవి. వాటిలో 9 వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను తిరిగి కొట్టించాడు. ఇవి నాణెం ముఖమంతా పరచుకునే ముద్రలు గనుక కచ్చితంగా మలి ముద్రలు అనలేము. ఓడిన రాజు పేరు మాత్రం కింద నుంచి ఇప్పటికీ తొంగిచూస్తుంది.

నకిలీలతో జాగ్రత్త: అరిగిన సాదా నాణెంపై కొత్త గుర్తు కొట్టి ఎక్కువ ధరకు అంటగట్టేవారు ఉన్నారు. నిజమైన ముద్ర పడిన చోట లోహం నలిగి, వెనుక వైపు అదే స్థానంలో బొమ్మ చదునుగా మారి ఉంటుంది. పోత పోసిన నకిలీలో ముద్ర అంచు మెత్తగా కనిపిస్తుంది. ముద్ర గుంటలో పేరుకున్న పాత మసి చుట్టూ ఉన్న ఉపరితలంతో కలిసిపోవాలి. అందుచేత చింతపండు, బూడిద పెట్టి తోమడం తగదు. తోమిన నాణెంలో ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.

మన పొలాల్లో పాత నాణేలు బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది. టర్కీలోనూ ప్రాచీన నాణేలను దేశం దాటించడం నేరమే. అందుకే సీదే నాణెం కొనేవారు ముద్ర కంటే ముందుగా, అది ఎప్పుడు ఎవరి వద్ద నుంచి వచ్చిందో తెలిపే కాగితాలు అడగాలి.