డిపాజిట్ బీమా పేరుతో దొంగ మెయిళ్లు

2004 జనవరిలో అమెరికా బ్యాంకు ఖాతాదారులకు ఒక ఈమెయిల్ వచ్చింది. డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ పంపినట్టే ఉంది. ఉగ్రవాద నిరోధానికి తెచ్చిన పేట్రియాట్ చట్టాన్ని ఉల్లంఘించారన్న అనుమానంతో, హోంలాండ్ సెక్యూరిటీ అధిపతి టామ్ రిడ్జ్ సూచన మేరకు ఖాతాకు బీమా ఆపేశామని, వివరాలు సరిచూసేదాకా అది మళ్లీ రాదని అందులో రాశారు. లింకు నొక్కితే బ్యాంకు ఖాతా వివరాలు అడిగే దొంగ పేజీ.

ఈ బెదిరింపులోని బలం 1930ల నాటిది. మాంద్యంలో వేల బ్యాంకులు మూతపడ్డాయి, జనం దాచుకున్న పైసలు మునిగాయి. 1933 మార్చిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశంలోని బ్యాంకులన్నిటికీ కొన్నాళ్లు సెలవు ప్రకటించాడు. ఆ ఏడాదే ఎఫ్‌డీఐసీ పుట్టింది. మొదట్లో 2,500 డాలర్లున్న హామీ ఇప్పుడు 2.5 లక్షల డాలర్లు. బీమా పోయిందంటే అక్కడివాళ్లకు గుండెల్లో రాయి పడ్డట్టే.

ఇలాంటి మెయిళ్లు బ్యాంకులతో ఆగలేదు, క్రెడిట్ యూనియన్లకూ పాకాయి. వాటి పుట్టుకలో భారతదేశానికీ పాలుంది. సభ్యులే యజమానులుగా నడిచే ఈ పొదుపు, అప్పు సంఘాలు షాద్‌నగర్ రైతులు సొసైటీ అని పిలిచే సహకార సంఘానికి దూరపు చుట్టాలు. కాకపోతే ఎరువుల బస్తాలు అమ్మవు. 1904 చట్టం కింద ఇక్కడి పల్లెల్లో మొదలైన పరపతి సంఘాలను బోస్టన్ వ్యాపారి ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో వచ్చి చూశాడు. తిరిగి వెళ్లాక, 1909లో మసాచుసెట్స్‌లో క్రెడిట్ యూనియన్ చట్టం రావడానికి తోడ్పడ్డాడు. ఫెడరల్ చట్టం 1934లోనే వచ్చినా, వీటి డిపాజిట్లకు ప్రభుత్వ బీమా మాత్రం 1970 దాకా రాలేదు.

దొంగలు ముందు పెద్ద బ్యాంకుల పేర్లు వాడుకున్నారు, తర్వాత క్రెడిట్ యూనియన్ల మీద పడ్డారు. ఒక ఫ్యాక్టరీవాళ్లో, ఒక ఊరి టీచర్లో సభ్యులుగా ఉండే సంఘమైతే ఎవరికి పంపాలో వెతుక్కునే పనే లేదు. పైగా సొంత సంఘం నుంచి వచ్చిన కబురును ఎవరు అనుమానిస్తారు? వీటిని పర్యవేక్షించే ఎన్‌సీయూఏ 2004లోనే హెచ్చరికలు పంపింది. చివరికి ఆ సంస్థ పేరునూ దొంగలు వదల్లేదు.

విచిత్రమేమిటంటే, ఆ మెయిల్ బెదిరించిన బీమా బ్యాంకు మునిగితేనే అక్కరకొస్తుంది, దొంగతనానికి వర్తించదు. దానికి 1978 నాటి ఎలక్ట్రానిక్ నిధుల బదిలీ చట్టం ఉంది. కార్డుగానీ పిన్‌గానీ పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే ఖాతాదారుడి మీద పడే నష్టం 50 డాలర్లు దాటదు. ఆలస్యమైతే 500 దాకా పోవచ్చు. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోనూ చెప్పకపోతే, ఆ తర్వాత పోయేదానికి హద్దు లేదు.

భారత రిజర్వ్ బ్యాంకు 2017 జులై ఆదేశం ఇంత ఉదారంగా లేదు. పాస్‌వర్డ్‌లాంటి వివరాలు ఖాతాదారుడే ఇచ్చేస్తే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా అతనిదే. తెలిపిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అందుకే బ్యాంకుకు వెంటనే చెప్పడం, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయడం ఇక్కడ మరింత అవసరం.