కుకీ – పుట్టుపూర్వోత్తరములు

ఈనాడు కంప్యూటరులోనో, చేతిలోని ఫోనులోనో ఒక పుటను తెరచినచో, తరచుగా 'కుకీలకు సమ్మతింతురా?' అను ప్రశ్న ముందుగా ఎదురగుచున్నది. చదువకయే 'సరే' అని సాగిపోవువారే మనలో పెక్కుమంది. మనము దేనికి సమ్మతించుచున్నామో, అది ఎందులకు పుట్టినదో తెలిసికొనుట మంచిది. దాని వయస్సు ముప్పది యేండ్లకు కొంచెము పైమాట.

1989లో జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు వెబ్‌ను ప్రతిపాదించెను. ఆయన ఏర్పరచిన పద్ధతి మిక్కిలి సరళమైనది. మన బ్రౌజరు ఒక పుటను కోరును. దూరముననున్న సర్వరు దానిని పంపును. అంతటితో సంబంధము తీరిపోవును. మరుక్షణమున మరల అడిగినను ఆ సర్వరుకు మనము క్రొత్తవారమే. వ్యాసములు చదువుకొనుటకు ఈ మరపు ఆటంకము కాలేదు. వ్యాపారమునకు మాత్రము అయినది. ఒక పుటలో ఎంచుకొన్న వస్తువును, రెండవ పుటకు పోవుసరికి అంగడివాడే మరచినచో బేరమెట్లు కుదురును?

1994లో కాలిఫోర్నియాలోని నెట్‌స్కేప్ సంస్థకు ఈ చిక్కు ఎదురైనది. ఎం.సి.ఐ. అను టెలిఫోను సంస్థ వెబ్‌పై అంగడి పెట్టదలచినది గాని, సగము జరిగిన బేరముల వివరములను తన సర్వర్లలో దాచుటకు ఇష్టపడలేదు. అప్పుడు లూ మాంటుల్లి అను యువ ఇంజనీరు, ఆ జ్ఞాపకమును కొనువాని కంప్యూటరులోనే ఉంచవచ్చునని తలచెను. యూనిక్స్ పనివారి పరిభాషలో, ఒకరి నుండి పుచ్చుకొని, అర్థము తెలియకున్నను మరల వారికే యథాతథముగా అప్పగించు చిన్న సమాచారమునకు 'మాజిక్ కుకీ' అని పేరు. ఆ పేరే దీనికి నిలిచినది. జాన్ జియానాండ్రియాతో కలిసి ఆయన తొలి నియమములను రచించెను. ఆ అక్టోబరులో వెలువడిన నెట్‌స్కేప్ బ్రౌజరులో కుకీ ప్రవేశించినది.

దీనిని రజకుడు బట్ట మూలన వేసెడి గుర్తుతో పోల్చవచ్చును. గుర్తు మన బట్టపైననే ఉండును, మనతోనే తిరుగును. దాని అర్థము మాత్రము వేసినవానికే ఎరుక. అటులనే సర్వరు పుటను పంపునపుడు 'సెట్-కుకీ' అను పంక్తిని జోడించును. అందులో ఒక పేరు, ఒక విలువ, కావలసినచో ఒక గడువు ఉండును. బ్రౌజరు దానిని దాచి, ఆ సర్వరు కడకు పోవునపుడెల్ల తిరిగి చూపును. కావుననే, కుకీని అమర్చిన విడతలోనే ప్రోగ్రాము దానిని చదువబూనినచో కనబడదు. బ్రౌజరు మరల వచ్చినపుడే కనబడును. అంతేకాదు, కుకీ మన ఇంట నుండునది గనుక దానిని మార్చుటకు వీలున్నది. అందలి మాటను సర్వరు పరీక్షింపక నమ్మరాదు.

ఇంతవరకు దోషము లేదు. కాని ఒకే పుటలోని బొమ్మలు వేర్వేరు సర్వర్ల నుండి రావచ్చును. వేయి పుటలలో ప్రకటనలు వేయు సంస్థ తన బొమ్మతోపాటు తన కుకీని కూడ పంపినచో, ఆ వేయి చోట్లను తిరిగిన మనిషి ఒక్కడేయని గుర్తింపగలదు. తొలి బ్రౌజర్లు కుకీని పుచ్చుకొనుచున్నట్లు మనకు చెప్పనేలేదు. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వ్రాసిన పిదపనే ఈ సంగతి లోకమునకు తెలిసినది. 1997 ఫిబ్రవరిలో డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి రచించిన ప్రమాణపత్రము, ఇట్టి పరాయి కుకీలను వాడుకరి కోరిననే తప్ప అనుమతింపరాదని చెప్పెను. ఆనాటి ప్రధాన బ్రౌజర్లు ఆ మాటను పాటింపలేదు. 2009లో ఐరోపా సమాఖ్య తన శాసనమును సవరించి, అత్యవసరము కాని కుకీలకు ముందుగా సమ్మతి పొందవలెనని విధించెను. నేటి ప్రశ్నకు మూలమిదియే. 2020లో ఆపిల్ వారి సఫారీ పరాయి కుకీలను పూర్తిగా నిలిపివేసెను. అదే యేట, రెండేండ్లలో వానిని తొలగింతుమని ప్రకటించిన గూగుల్ సంస్థ 2024లో ఆ సంకల్పమును విడిచెను.

బేరము మరువకుండుటకు పుట్టిన సాధనము మనిషిని మరువకుండుటకు వినియోగపడినది. లోపము కుకీది కాదని మా అభిప్రాయము. గుర్తు వేయుటకు మునుపు అడుగవలెనను మర్యాద 1997లోనే కాగితముపై నున్నది. అది ఆచరణలోనికి వచ్చుటకు ఏండ్లు పట్టెను; పూర్తిగా ఇంకను రాలేదు. కావున ఆ ప్రశ్న ఎదురైనపుడు ఒక నిమిషము ఆగి చదువుట, 'వలదు' అనదగినచోట వలదనుట మన చేతిలోని పని.