గాజు మీది పేరు

పళ్ళను నిలవచేసే గాజు జాడీ మీద "మేసన్" అన్న అక్షరాలు చూసినప్పుడల్లా, ఆ పేరుగల మనిషికేం దక్కిందన్న ప్రశ్న నన్ను వదలదు. జాన్ లాండిస్ మేసన్ అమెరికాలో రేకుపనివాడు. మర తిప్పి బిగించే మూతగల జాడీకి 1858లో పేటెంటు పొందాడు. 1879లో దాని గడువు తీరింది. ఆ తర్వాత గాజు బట్టీ పెట్టిన ప్రతివాడూ ఆ పేరు పోతపోసి అమ్ముకున్నాడు. 1902లో మేసన్ పేదవాడుగానే పోయాడు.

అట్లా అమ్ముకున్నవాళ్ళలో ఇండియానా రాష్ట్రం, టెరహోట్ లోని రూట్ గ్లాస్ కంపెనీ వొకటి. చాప్‌మన్ రూట్ 1901లో దాన్ని స్థాపించాడు. "రూట్ మేసన్" జాడీలు బజారులో నిలిచింది కొద్దియేళ్ళే. 1909లో ఆ వ్యాపారాన్ని మన్సీ పట్టణపు బాల్ సోదరులు కొనేశారు. కొన్నది యీ వొక్కదాన్నే కాదు. అదే జాడీలు చేసే గ్రీన్‌ఫీల్డ్ కంపెనీనీ అప్పుడే కలుపుకున్నారు. స్వేచ్ఛాపోటీ అంటే యిదే కాబోలు!

బాల్ సోదరులను మన్సీకి రప్పించింది అక్కడి భూగర్భంలోని గ్యాసు. 1880లలో ఆ పట్టణం గ్యాసు ఉచితమంది, ఏడెకరాల భూమిచ్చింది, 5,000 డాలర్లిచ్చింది. గ్యాసుకు తరుగులేదనుకుని పగలూ రాత్రీ దివిటీలు వెలిగించారు. కొత్త శతాబ్దం మొదట్లోనే అది అడుగంటింది. అప్పటికి గుత్తాధిపత్యం మాత్రం స్థిరపడింది.

జాడీలు పోయినా రూట్ బట్టీలు ఆరలేదు. 1915లో కోకాకోలా కొత్త సీసాకు రూపం కావలసివచ్చింది. విజ్ఞానసర్వస్వంలోని కోకో కాయ బొమ్మ చూసి దాన్ని గీసింది అచ్చుల విభాగంలో పనిచేసే ఎర్ల్ డీన్. పేటెంటు మీద పేరు పై అధికారి శామ్యూల్‌సన్ ది.