కొత్త చేతుల మీద పందెం

కంభంలో ఇంటర్ చదివే మా మేనల్లుడికి 'వన్ పీస్' అనే జపాన్ బొమ్మల కథలో ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టారో కంఠతా వచ్చు. దాన్ని గీసిన ఎయిచిరో ఓడా ఎలా బయటికొచ్చాడంటే మాత్రం తెలియదు. ఓడాది జపాన్ దక్షిణాన ఉన్న కుమమోటో. 1992లో, పదిహేడేళ్ల వయసులో, సోమవారం నుంచి శనివారం దాకా వారాల అక్షరాలు గుదిగుచ్చి ఒక మారుపేరు కట్టుకుని, 'వాంటెడ్!' అనే చిన్న బొమ్మల కథను టెజుకా బహుమతి పోటీకి పంపాడు. రెండో శ్రేణి బహుమతి వచ్చింది. 1997లో 'వన్ పీస్' మొదలైంది.

జపాన్‌లో ఉంటున్నానంటే మనవాళ్లు బుల్లెట్ రైళ్ల గురించి, భూకంపాల గురించి అడుగుతారు. యుద్ధంలో బూడిదైన దేశం మళ్లీ ఎలా లేచిందో నాకు కాస్త అర్థమైంది మాత్రం ఈ పోటీ చరిత్ర తెలుసుకున్నాకే.

1947లో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మొదలుపెట్టారు. అదే ఏడాది ఒసాకాలో, వైద్యం చదువుతున్న ఒసాము టెజుకా గీసిన 'షిన్ తకరాజిమా' చౌకరకం పుస్తకంగా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ ఏడాది చివర్లోనే టోక్యోలో కెనిచి కాటో అనే సంపాదకుడు 'మాంగా షోనెన్' అనే బొమ్మల కథల పత్రిక పెట్టాడు. యుద్ధానికి ముందు పేరున్న పిల్లల పత్రిక నడిపినవాడు, ఆ కారణంగానే అమెరికా ఆక్రమణ ప్రభుత్వం వెలివేసిన మనిషి. కొత్త పత్రికకు ప్రాణం పాఠకుల పేజీలే. ఎక్కడెక్కడి బడిపిల్లలో బొమ్మలు గీసి పంపేవారు. తర్వాత మహామహులైన షోటారో ఇషినోమోరి, ఫుజికో ఫుజియో జంట అలా పంపినవాళ్లే. 1955లో పత్రిక మూతపడింది. పాఠకుల్లోంచి చిత్రకారుణ్ణి వెతికే అలవాటు మాత్రం పోలేదు.

1959లో 'షోనెన్ సండే', 'షోనెన్ మ్యాగజీన్' వారపత్రికలు ఒకేరోజు పుట్టి పేరున్నవాళ్లందరినీ తమవైపు లాక్కున్నాయి. 1968లో షుయెయిషా సంస్థ 'షోనెన్ జంప్' తెచ్చేసరికి పెద్ద చేతులేవీ ఖాళీగా లేవు. గతిలేక కొత్తవాళ్ల మీద పందెం కాసింది. 1971లో టెజుకా పేరిట ఏడాదికి రెండుసార్లు జరిగే బహుమతి పెట్టింది, 1974లో హాస్యానికి ఫుజియో అకత్సుకా పేరిట మరొకటి. కళాపోషణ అనుకుంటే పొరపాటు. అవసరం తరిమితే పుట్టిన పద్ధతి ఇది, అందుకే నాకు దీని మీద గురి.

ఈ పోటీలో తగిన కథ లేదనిపిస్తే మొదటి శ్రేణిని ఖాళీగా వదిలేస్తారు, మొహమాటం లేదు. 1980లో హిరోహికో అరాకి, 1986లో యోషిహిరో టొగాషి, ఓడాలాగే రెండో శ్రేణిలో నెగ్గినవాళ్లు. 1988లో టకెహికో ఇనోయుఎకు మొదటి శ్రేణి దక్కింది, రెండేళ్లకే 'స్లామ్ డంక్' మొదలుపెట్టాడు. అరాకిది సెందాయ్, ఇనోయుఎది కగోషిమా ప్రాంతం. ప్రతిదానికీ ప్రవేశపరీక్ష, ఏ కాలేజీలో చదివావన్న ఆరా ఉండే ఈ దేశంలో, రాజధానికి దూరంగా ఉన్న కుర్రాళ్లను పట్టా అడగకుండా లోపలికి రానిచ్చిన తలుపు ఇది. దేశానికి పలకలు పంపిన మన మార్కాపురంలో బొమ్మలు బాగా గీసే పిల్లాడికి చివరికి ఏం చెబుతాం? రికార్డు పుస్తకాల్లో కప్ప బొమ్మ వేసుకోమంటాం.

మన వారపత్రికలూ దీపావళి కథల పోటీలు పెట్టాయి, మంచి రచయితల్ని చూపించాయి. బహుమతి డబ్బు, అచ్చులో ఫొటో, అక్కడితో సరి. ఇక్కడ బహుమతి తర్వాతే అసలు పని. ఒక సంపాదకుణ్ణి జత చేస్తారు. ఆయన పెన్సిలు చిత్తుప్రతి చూసి, ఈ పేజీ తీసెయ్, ఈ మొహం మళ్లీ గియ్ అంటూ నెలల తరబడి వెంటపడతాడు. చాలామంది పేరున్నవాళ్ల దగ్గర సహాయకులుగా కూర్చుని నేపథ్యాలు గీస్తూ చెయ్యి తిప్పుకుంటారు.

తీపి ఎంతో చేదూ అంతే. పాఠకులు తమకు నచ్చిన మూడు కథల పేర్లు కార్డు మీద రాసి పంపుతారు. లెక్కలో వెనకబడిన కథను పదివారాలకు అటూఇటుగా ఆపేస్తారు. 1,05,000 ప్రతులతో మొదలైన పత్రికను 1995 నాటికి 65,30,000కు చేర్చింది ఆ నిర్దయే. బహుమతి అందుకుని ఆ తర్వాత కనబడకుండా పోయినవాళ్లకు కొదవలేదు. టెజుకా స్వయంగా న్యాయనిర్ణేతగా కూర్చునేవాడు. 1989లో పోయేదాకా కొత్తవాళ్లతో పోటీగా గీస్తూనే ఉన్నాడు. వాళ్లంటే ఆయనకు ఈర్ష్య కూడా అని వాళ్లే ముచ్చటగా చెప్పుకుంటారు.

బయటి దేశాలవాళ్లకూ ఒకటుంది. 2007లో అప్పటి విదేశాంగ మంత్రి టారో ఆసో చొరవతో అంతర్జాతీయ మాంగా (బొమ్మల కథల) బహుమతి మొదలైంది. గిద్దలూరు నుంచైనా పంపవచ్చు. కంభం చెరువు కట్టించిన వరదరాజమ్మ మీదో, నల్లమల చెంచుల మీదో కథ అల్లితే ఇక్కడివాళ్లు కొత్తగా చూస్తారు. గెలిచినవాళ్లను జపాన్‌కు పిలిచి సత్కరిస్తారు. చిత్తుప్రతి పట్టుకుని వెంటపడే సంపాదకుణ్ణి మాత్రం జత చేయరు.